ముందు చక్రపు కీలు: కింగ్ పిన్ను నుండి బంతికీలు వరకు

ఒక పాత పికప్పు ట్రక్కు మరమ్మతు షెడ్డుకు వచ్చినదనుకొందము. గుంతలో పడినప్పుడెల్ల ముందు చక్రము వద్ద టక్కుమని చప్పుడగుచున్నది. టైరు ఒక అంచున మాత్రమే అరిగిపోయినది. కుర్ర మెకానిక్కు చాసిస్ క్రింద జాకీ పెట్టి బండి ముందు భాగమును లేపి, గాలిలో వ్రేలాడు చక్రమును రెండు చేతులతో పట్టుకొని ఊపి చూచును. ఏమియు కదలదు. అంతయు బాగుగనే ఉన్నదని అతడు బండిని దింపబోవును. అప్పుడు పెద్ద మేస్త్రి అదే జాకీని చాసిస్ క్రింద నుండి తీసి, చక్రమునకు దగ్గరగా, క్రింది ఆర్మ్ కొస క్రింద పెట్టి మరల లేపును. టైరు క్రింద పలుగు దూర్చి మీదికి ఎత్తగనే చక్రమంతయు పైకి జరిగి, వదలగనే క్రిందికి పడును. లోపలి కీలు అరిగిపోయినది.

బండి అదే, చక్రము అదే, జాకీ అదే. జాకీ పెట్టిన చోటు మాత్రమే మారినది. మొదటిసారి దాగిన లోపము రెండవసారి ఎట్లు బయటపడినది? దీనికి సమాధానము ఆ కీలు పుట్టిన చరిత్రలోనే ఉన్నది.

నడిమి మేకు మీద తిరిగిన ఇరుసు

రెండు చక్రముల ఎద్దుబండికి మలుపు ఒక సమస్య కాదు. ఎడ్లు ఎటు తిరిగిన బండి అటు తిరుగును. నాలుగు చక్రముల బండికే చిక్కు వచ్చినది. పూర్వపు గుఱ్ఱపు బగ్గీలలో ముందు ఇరుసు అంతయు నడుమ నున్న ఒకే లావుపాటి మేకు మీద తిరిగెడిది. ఇందులో రెండు కష్టములు కలవు. మలుపులో ముందు చక్రము ఒకటి బండి క్రిందికి దూరుటచే బండి నిలుచు ఆధారము సన్నగిల్లి తలక్రిందులగు ప్రమాదము హెచ్చును. రెండవది, చక్రము ఒక రాతికి తగిలినచో ఆ దెబ్బ ఇరుసులో సగము పొడవు గల మీటకఱ్ఱ కొసన పడినట్లగును. ఇరుసు విసురుగా ప్రక్కకు తిరుగును.

ఇరుసును కదలనీయక, దాని రెండు కొసల వద్ద చక్రమునకొక మేకు చొప్పున పెట్టి, చక్రములను మాత్రమే త్రిప్పవచ్చునని మ్యూనిక్ నగరమున బండ్లు కట్టు గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ గ్రహించినాడు. అతని తరఫున లండనులో పుస్తకములు, చిత్రములు అమ్ము రుడాల్ఫ్ ఆకర్‌మన్ 1818 లో పేటెంటు పొందినాడు. నేటికిని ఆ అమరికకు ఆకర్‌మన్ పేరే నిలిచియున్నది. మలుపులో లోపలి చక్రము చిన్న వృత్తము మీదను, వెలుపలి చక్రము పెద్ద వృత్తము మీదను పోవును. కావున లోపలి చక్రము కొంచెము ఎక్కువ కోణము తిరుగవలెను. అప్పుడు నాలుగు చక్రముల వృత్తములకును కేంద్రము ఒక్కటే అగును. టైరు ప్రక్కకు ఈడ్వబడదు.

ఈ ఉపాయము వెంటనే వ్యాప్తిలోనికి రాలేదు. కార్ల్ బెంజ్ 1886 లో పేటెంటు పొందిన మొదటి మోటారుబండికి మూడే చక్రములు. రెండు ముందు చక్రములను సరిగా త్రిప్పు విధము అతనికి అప్పటికి తృప్తికరముగా తోచలేదు. 1893 లో ఇరుసు కొసల మేకుల అమరికకు పేటెంటు పొందిన తరువాతనే అతని నాలుగు చక్రముల విక్టోరియా బండి వచ్చినది.

కింగ్ పిన్ను కాలము

ఇరుసు కొసన నిలువుగా దిగవేసిన ఆ ఉక్కు మేకునకే కింగ్ పిన్ను అని పేరు. 1908 నుండి 1927 వరకు కోటి యాభై లక్షల సంఖ్యలో తయారైన ఫోర్డు టి నమూనా కారు ముందు ఇరుసుకు ఉన్నవి ఇట్టి మేకులే. పిన్ను ఇత్తడి బుష్షులలో తిరుగును. బండి బరువు ఒక వాషరు లేక బేరింగు మీదుగా చక్రమునకు దిగును. పిన్ను తలుపు బందు వంటిది. అది ఒకే అక్షము చుట్టు తిరుగగలదు. మనిషి శరీరములో మోచేయి ఇట్టిదే. జీవశాస్త్ర పాఠములలో దీనిని మడతబందు కీలు అందురు.

రెండు చక్రములను ఒకే దృఢమైన ఇరుసు కలిపియున్నంతకాలము ఈ కీలు చాలినది. కాని 1920 తరువాతి దశకములో బండ్ల వేగము పెరిగినది. తక్కువ గాలి ఒత్తిడి గల లావు టైర్లు, ముందు చక్రములకు బ్రేకులు వచ్చినవి. ఒక చక్రము మిట్ట నెక్కినచో ఇరుసంతయు ఒరుగును. ఆ ఒరపు రెండవ చక్రమునకును పాకును. వేగముగా తిరుగుచున్న చక్రము బొంగరము వంటిది. బొంగరమును ఒక ప్రక్కకు వంచబోయిన అది వేరొక దిశకు తిరుగును. అట్లే, ఒరిగిన చక్రము తనంతట తానే కుడి ఎడమలకు తిరుగజూచును. స్టీరింగు చేతిలో వణకును. కొన్ని వేగముల వద్ద ఆ వణకు ఆగక పెరుగును.

రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసి 1930 లో జనరల్ మోటార్సునకు వచ్చిన ఇంజనీరు మారిస్ ఆలీ ఈ విషయమును లోతుగా పరిశోధించినాడు. ఇరుసును తీసివేసి, ఏ చక్రమునకు ఆ చక్రము విడిగా లేచి పడునట్లు చేయవలెనన్నదే ఆ పరిశోధన ఫలితము. ఐరోపాలో 1922 నాటి లాన్సియా లామ్డా కారులో ముందు చక్రములు అప్పటికే విడివిడిగా కదలెడివి. జనరల్ మోటార్సు 1934 నమూనాలలో ఈ మార్పు తెచ్చి, ప్రజలకు సులువుగా తెలియుటకు దానికి మోకాలి పని అను అర్థము గల పేరు పెట్టినది.

ఒక చక్రమునకు మూడు కీళ్లు

కాడిలాక్, బ్యూక్, ఓల్డ్స్‌మొబీల్ కార్లలో వచ్చిన అమరిక తరువాత ఎక్కువగా నిలిచినది. అందులో చాసిస్ నుండి చక్రము వైపునకు పైన ఒక పొట్టి ఆర్మ్, క్రింద ఒక పొడవైన ఆర్మ్ చాపబడియుండును. ఈ రెంటి కొసలను ఒక నిలువు ఖండము కలుపును. చక్రము లేచి పడునప్పుడు ఆర్ములు మడతబందువలె క్రిందికి మీదికి ఊగును. చక్రము ప్రక్కకు తిరుగుటకు నిలువు ఖండములో ఎప్పటివలె కింగ్ పిన్ను ఉండెను.

చక్రము చేయవలసినవి రెండు కదలికలు: లేచి పడుట, ప్రక్కకు తిరుగుట. మడతబందు ఒకే కదలిక నెఱుగును. అందుచే పై ఆర్మ్ కొసన ఒక అడ్డపిన్ను, క్రింది ఆర్మ్ కొసన మరియొకటి, నడుమ కింగ్ పిన్ను, వెరసి ఒక్కొక్క చక్రమునకు మూడు కీళ్లయినవి. ఒక్కొక్కదానికి బుష్షులు, గ్రీజు రంధ్రములు వేరు. సుమారు వెయ్యి మైళ్లకొకసారి, అనగా 1,600 కిలోమీటర్లకొకసారి, బండి క్రింద పడుకొని వీటికన్నిటికిని గ్రీజు ఎక్కింపవలసి వచ్చెడిది. గ్రీజు తప్పిన కీలు బిగిసిపోవును. లేదా బుష్షు అరిగి చక్రము ఊగులాడును.

మడతబందు నుండి బంతిగిన్నెకు

మనిషి భుజములోని కీలు వేరు విధమైనది. చేతి ఎముక గుండ్రని తల, భుజపుటెముక గిన్నెలో ఇమిడియుండుటచే చేయి అన్ని వైపులకు తిరుగును. దీనిని బంతిగిన్నె కీలు అందురు. చక్రపు నిలువు ఖండమునకు పైన ఒకటి, క్రింద ఒకటి ఇట్టి కీలు పెట్టినచో, ఒకే బంతి ఊగుటను, తిరుగుటను రెంటిని నిర్వహించును. ఇక అడ్డపిన్నులు అక్కరలేదు, కింగ్ పిన్నును అక్కరలేదు. పై బంతి కేంద్రము నుండి క్రింది బంతి కేంద్రమునకు గీచిన ఊహారేఖయే చక్రము తిరుగు అక్షమగును. ఒకనాటి ఉక్కు మేకు జ్యామితిలోని రేఖగా మారినదని చెప్పవచ్చును.

బంతి కీలు అప్పటికి కొత్తదేమియు కాదు. స్టీరింగు కడ్డీల కొసలకు చిన్న బంతి కీళ్లు ముందే వాడుకలో ఉన్నవి. కాని అవి త్రోయుట, లాగుట మాత్రమే చేసెడివి. బండి బరువును, బ్రేకు వేసినప్పటి విసురును, గుంతల దెబ్బను కూడ ఓర్చు బంతిని తయారుచేయుటే కష్టము. అమెరికాలో ఆ కీళ్లతో ముందు చక్రములు నిలిపిన మొదటి కారు 1952 నాటి లింకన్. ఆ సంవత్సరమే మెక్సికో దేశమున మూడువేల కిలోమీటర్లకు పైగా సాగిన కర్రేరా పానమెరికానా పందెములో లింకన్ కార్లు తమ తరగతిలో మొదటి నాలుగు స్థానములు గెలుచుకొన్నవి. గెలుపునకు బంతికీలు ఒక్కటే కారణము కాకపోయినను, అది విరిగిపోవు వస్తువు కాదని మాత్రము లోకమునకు తెలిసినది. ఫోర్డు కార్లకు 1954 లోను, షెవ్రోలే కార్లకు 1955 లోను బంతికీళ్లు వచ్చినవి.

పికప్పు ట్రక్కులు మరికొంత ఆలస్యముగా ఈ దారి పట్టినవి. సరుకులు మోయు బండికి సుఖము కంటె గట్టితనము ముఖ్యమని తయారీదారులు తలచెడివారు. 1960 లో షెవ్రోలే తన పికప్పులలో ముందు ఇరుసు తీసివేసి ఆర్ములు, బంతికీళ్లు పెట్టినది. 1963 లో వానికి చుట్ట స్ప్రింగులు చేర్చినది. ఫోర్డు 1965 లో ముందు చక్రములకు విడివిడిగా రెండు ఇనుప దూలములు అమర్చినను, కొసలలో కింగ్ పిన్నునే ఉంచినది. ఎక్కువ బరువు మోయు లారీలలోను, బస్సులలోను నేటికిని సాధారణముగా ఉండునది దృఢమైన ఇరుసు, కింగ్ పిన్నులే. పాతది పోయి కొత్తది వచ్చుట అన్నిచోట్ల ఒకే విధముగా జరుగదు.

గ్రీజు తగ్గెను, లోపము దాగెను

బంతికీలుకు రబ్బరు తొడుగు వేసి మూయవచ్చును గనుక గ్రీజు అవసరము క్రమముగా తగ్గినది. 1961 నాటి ఫోర్డు కార్లకు 30,000 మైళ్లకొకసారి చాసిస్ గ్రీజు చాలునని ప్రకటించిరి. తరువాత జీవితాంతము గ్రీజు అక్కరలేనట్లు పూర్తిగా మూసిన కీళ్లును వచ్చినవి.

దీనివలన శ్రమ తగ్గినమాట నిజము. కాని ఒక నష్టమును కలిగినది. వెయ్యి మైళ్లకొకసారి గ్రీజు గన్ను పట్టి బండి క్రింద దూరినవాడు కీళ్లన్నిటిని కన్నులార చూచెడివాడు. ఇప్పుడు ఏండ్ల తరబడి అక్కడ ఎవరును చూడరు. తొడుగు చిరిగినచో నీరు, దుమ్ము లోనికి పోవును. గ్రీజు కడుగుకొని పోవును. బంతి, గిన్నె రెండును నూరుకొని అరుగును. ఎముకల కీళ్లలో మెత్తని మృదులాస్థియు, జిగురు ద్రవమును కలవు. జీవమున్నంతకాలము శరీరము ఆ ద్రవమును తయారుచేయుచునే ఉండును. ఉక్కు బంతికి అట్టి సౌకర్యము లేదు. అరుగుదల మితిమీరినచో బంతి గిన్నె నుండి ఊడివచ్చును. అప్పుడు చక్రము ప్రక్కకు వాలి, బండి ఆ మూల నేలకు కూలును. వేగముగా పోవుచుండగా ఇది జరిగినచో బండిని అదుపు చేయుట దాదాపు అసాధ్యము.

బంతి నునుపు ఎంత ముఖ్యమో 2005 లో జరిగిన ఒక సంఘటన తెలుపును. ఆ ఏడు టయోటా సంస్థ అమెరికాలో టకోమా, టండ్రా పికప్పులను, అదే కుటుంబపు మరి రెండు రకముల బండ్లను కలిపి ఏడు లక్షలకు పైగా వెనుకకు పిలిపించి క్రింది బంతికీళ్లను పరీక్షించినది. తయారీలో బంతి ఉపరితలముపై గీతలు పడియుండవచ్చుననియు, అందువలన కీలు త్వరగా అరుగుననియు తేలుటయే కారణము.

బరువు దిగు దారి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. 1973 నుండి 1987 వరకు వచ్చిన షెవ్రోలే పికప్పులలో చుట్ట స్ప్రింగు క్రింది ఆర్మ్ మీద కూర్చుండును. బండి బరువు చాసిస్ నుండి స్ప్రింగునకు, స్ప్రింగు నుండి క్రింది ఆర్మ్‌నకు, ఆర్మ్ కొసనున్న బంతికీలు ద్వారా చక్రమునకు, చక్రము నుండి నేలకు దిగును. కావున బరువు మోయునది క్రింది బంతికీలు. పైది చక్రము ఒరిగిపోకుండ పట్టియుంచు తోడు మాత్రమే. సాధారణముగా ముందు అరుగునది బరువు మోయునదే.

చాసిస్ క్రింద జాకీ పెట్టినచో ఏమగును? చక్రము గాలిలో వ్రేలాడును గాని స్ప్రింగు పూర్తిగా సాగదు. అది క్రింది ఆర్మ్‌ను క్రిందికి నెట్టుచునే యుండును. ఆర్ములు, నిలువు ఖండము బిగువుగా లాగబడి, బంతి గిన్నె గోడకు గట్టిగా ఆనుకొనియుండును. చేతితో ఊపు బలము ఆ స్ప్రింగు బలము ముందు ఎంత? అందుచే వదులు బయటపడదు. జాకీని క్రింది ఆర్మ్ కొస క్రింద పెట్టినచో స్ప్రింగు బలమును జాకీయే మోయును. కీలు మీద బరువు తొలగును. అప్పుడు పలుగుతో కొద్దిగా ఎత్తినను వదులు కనిపించును. పెద్ద మేస్త్రి చేసినది ఇదియే.

స్ప్రింగు పై ఆర్మ్ మీద ఉన్న బండ్లు కూడ కలవు. 1960 తరువాతి దశకపు ఫోర్డు ఫాల్కన్, మస్టాంగ్ కార్లు అట్టివి. వాటిలో బరువు మోయునది పై కీలు. వాటికి పరీక్ష తారుమారగును: పై ఆర్మ్ జారకుండ దిమ్మె పెట్టి, చాసిస్‌నే ఎత్తవలెను. కనుక జాకీ ఎక్కడ పెట్టవలెనో బట్టీపట్టి లాభము లేదు. స్ప్రింగు ఎక్కడ ఉన్నదో చూచి నిర్ణయింపవలెను.

పైని చెప్పిన షెవ్రోలే పికప్పుల క్రింది కీలులో ఒక తెలివైన గుర్తును పెట్టిరి. కీలు అడుగున గ్రీజు నిపిలు చుట్టునున్న చిన్న బొడిపె, కొత్తగా ఉన్నప్పుడు సుమారు 1.3 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొని యుండును. అరిగిన కొలది లోనికి పోవును. అడుగు భాగముతో సమమైనచో కీలు మార్చవలెను. దీనిని చూచునప్పుడు మాత్రము బండి తన చక్రముల మీదనే నిలిచియుండవలెను. బరువు పడినప్పుడే బంతి తన అసలు స్థానమునకు జరుగును గదా.

పాత కీలు తీసి కొత్తది వేయుట

ఇచ్చట బరువు దారి తెలియకున్నచో ప్రాణమునకే ముప్పు. ఒక ఉదాహరణ చూడవచ్చును. ఒక ముందు చక్రము మీద 450 కిలోగ్రాముల బరువు పడుచున్నదనుకొందము. క్రింది ఆర్మ్ పొడవు 40 సెంటీమీటర్లు. స్ప్రింగు దానికి సరిగా నడుమ, 20 సెంటీమీటర్ల వద్ద ఉన్నది. మీట సూత్రము ప్రకారము స్ప్రింగు 450 × 40 ÷ 20, అనగా 900 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలముతో నొక్కుచుండును. కీలు విప్పునప్పుడు ఆర్మ్‌నకు జాకీ ఆసరా లేకున్నచో, ఈ బలమంతయు ఒక్కసారిగా విడివడి ఆర్మ్ విసురుగా క్రిందికి పడును, స్ప్రింగు ఎగిరిపడును.

అందుచే చాసిస్‌ను గట్టి స్టాండ్ల మీద నిలిపి, వెనుక చక్రములకు దిమ్మెలు పెట్టి, క్రింది ఆర్మ్ క్రింద జాకీని పని పూర్తియగువరకు కదపక ఉంచవలెను. బంతి కాడ క్రమముగా సన్నగిల్లు ఆకారములో ఉండి, నిలువు ఖండపు రంధ్రములో మేకువలె బిగిసియుండును. స్ప్లిట్ పిన్ను తీసి, నట్టును కొన్ని చుట్లు మాత్రమే వదులుచేసి, పూర్తిగా తీయక ఉంచి, పుల్లరుతో గాని చీలిన ఉలివంటి పనిముట్టుతో గాని ఆ బిగువును విడదీయుదురు. కాడ హఠాత్తుగా ఊడినను నట్టు దానిని ఆపును. పై కీలును తయారీలో రివెట్లతో బిగించిరి గనుక వాటి తలలను తొలిచి తీసి, కొత్త కీలును దానితో వచ్చిన బోల్టులతో బిగింతురు. క్రింది కీలు ఆర్మ్‌లో ఒత్తిడితో దిగవేయబడినది. దానిని తీయుటకును, కొత్తది దించుటకును స్క్రూ ప్రెస్సు కావలెను.

కొత్త నట్టును నిర్ణీత బలముతో బిగించిన పిమ్మట స్ప్లిట్ పిన్ను రంధ్రము నట్టు గాడికి ఎదురుగా రాకపోవచ్చును. అప్పుడు నట్టును మరికొంచెము బిగింపవలెను గాని వదులు చేయరాదు. వదులు చేసినచో కాడ రంధ్రములో ఆడి, త్రుప్పుపట్టి విరుగును. చివరకు చక్రముల కోణములను సరిచూచి అలైన్‌మెంటు చేయింపవలెను. కీలు మారినప్పుడు తిరుగు అక్షపు ఊహారేఖయు కొద్దిగా జరుగును. దానిని సరిచేయకున్న కొత్త టైర్లును ఒక అంచున అరిగిపోవును.

నేటి బండ్లలో

ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను అమెరికను ఇంజనీరు రూపకల్పనతో 1950 లో ఇంగ్లండులోని ఫోర్డు కాన్సల్, జెఫిర్ కార్లకు మరియొక అమరిక వచ్చినది. ఇందులో పై ఆర్మ్ లేదు. స్ప్రింగును, షాక్ అబ్సార్బరును కలిపిన నిలువు స్తంభమే చక్రమును పట్టుకొనును. బంతికీలు క్రింద ఒక్కటే. మన దేశములో 1983 లో వచ్చిన మారుతి 800 ముందు చక్రములకు ఉన్నది ఇదే అమరిక. ఇందులో బండి బరువు స్తంభము గుండా నేరుగా చక్రమునకు దిగును. క్రింది బంతికీలు బరువు మోయక, ప్రక్కకు లాగు బలమును, బ్రేకు విసురును మాత్రమే ఓర్చును. బరువు దారి మారుటచే ఒకే ఆకారపు కీలు చేయు పని కూడ మారినది.

లాంకెన్‌స్పెర్గర్ మేకు, ఆలీ ఆర్ములు, లింకన్ బంతి, మెక్‌ఫర్సన్ స్తంభము, ఇవన్నియు ఒకే ప్రశ్నకు ఆయా కాలములలో వచ్చిన సమాధానములు: బండి బరువు నేలకు దిగుచునే, చక్రము స్వేచ్ఛగా తిరుగుట ఎట్లు? తరగతిలో మీట సూత్రము చెప్పు ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద క్రింది ఆర్మ్‌ను, స్ప్రింగును, చక్రమును గీచి, జాకీ ఎక్కడ పెట్టవలెనని విద్యార్థులను అడుగవచ్చును. సరియైన చోటు చూపగలిగిన విద్యార్థికి మీట సూత్రము అర్థమైనట్లే. రేపు అతడే ఒక పాత పికప్పు క్రింద దూరవలసివచ్చినచో, ఆ పాఠము అతని ప్రాణమును కాపాడును.